మొరగని కుక్క, పోయిన పెడల్

ఆస్ట్రేలియాలోని మా బర్క్ ఊరిమీద ఎలుకల దండు పడిన ఏడాది, నోలీన్ ఇంట్లో పాత కంప్యూటర్ కీబోర్డును కూడా అవి మిగల్చలేదు. తర్వాత నెల రోజులు ఆ ఇంటి ఎలుకలు ఏబీసీడీలు వరసగా కూసేవి. నా చెవులారా విన్నాను.

కీబోర్డు పోయినా పెట్టె బతికే ఉంది. ముసలాళ్లం చేరి మరమ్మతులు చేసుకునే మా రేకుల షెడ్డుకి దాన్ని మోసుకొచ్చింది నోలీన్. ఆమె మొగుడు క్లారీ పోయి ఆరేళ్లు. తమ కుక్క బిడ్డీ గొర్రెల్ని దొడ్లోకి తోలే కంప్యూటర్ ఆట ఒకటి సొంతంగా రాసి, క్యాసెట్‌లో ఉంచి పోయాడు.

"బిడ్డీని ఇంకొక్కసారి చూడాలిరా కోల్. నీ మొహం చూడ్డానికి రాలేదు నేను."

తన కుట్టుమిషన్ పెడల్ నేనే ఎత్తుకుపోయానని నలభై ఏళ్ల కోపం మరి.

పెట్టెలోంచి పదహారు తీగలు వేలాడుతున్నాయి. ఏ రెండు కలిస్తే ఏ అక్షరమో చెప్పే కాగితం లేదు. షెడ్డులో నా జతగాడు టెడ్డీ రెండేసి తీగలు తాకించాడు, తెరమీద పడ్డది నేను రాసుకున్నాను. మూడు రోజులు. ఆ ఎండకి కెటిల్ పొయ్యెక్కకుండానే కూత పెట్టింది. బీరు సీసా మూతలు చెక్కకి కొట్టి మీటలు చేశాం.

క్యాసెట్ పెట్టగానే తెరమీద బిడ్డీ పరిగెత్తింది. మొరగదే! మొరిగితేగాని గొర్రెలు కదలవు. మొరిగించే పొడుగు మీట, అదే స్పేస్‌బార్, ఏ జతలోనూ దొరకలేదు.

"వెనకాల ఇంకో రెండు తీగలుండాలే?" అంది నోలీన్.

"ఏరియల్ కదక్కా, కప్పుమీద కట్టేశాం," అన్నాడు టెడ్డీ.

రేడియోలతో పెరిగినవాళ్లం. వదులు తీగ కనిపిస్తే పైకెక్కించడమే తెలుసు. రెండు గద్దలు దానిమీద వాలి క్రికెట్ స్కోరు విని పోయాయి కూడా.

"ఏరియల్ నీ మొహం! ఉన్ని కత్తిరించేచోట క్లారీకి కుడిచేతి బొటనవేలు పోయింది కదరా. ఎడం చెయ్యేమో కుక్కని నడపడానికే సరి. మరి పొడుగు మీట దేంతో నొక్కేవాడు? బల్లకింద కాలు టపటపలాడించేవాడు..." అని ఆగిపోయింది.

"నీ పెడల్ ఎప్పుడు పోయిందక్కా?" అన్నాను మెల్లగా.

"ఆట రాసిన ఏడాదే. నా మొగుడే, దొంగసచ్చినోడు!"

తీగలు దించి, పెడల్‌కి బదులు కొసలకి రెండు బిస్కెట్ డబ్బా మూతలు కట్టి, మధ్య స్పాంజిముక్కలు పెట్టాం. నోలీన్ చెప్పు విప్పి కాలేసింది. బిడ్డీ కీచుమని మొరిగింది. ఊళ్లో కుక్కలన్నీ బదులిచ్చాయి. గొర్రెలు దొడ్లో దూరాయి.

చాలాసేపు ఆడింది. కళ్లు తుడుచుకుని, సంచీలోంచి కొబ్బరి కేకు తీసి నా చేతిలో పెట్టింది.

"నలభై ఏళ్ల నిందకి ఒక్క ముక్కేనా అక్కా?"

"నోర్మూసుకుని తిను. ఇంకో మంద వస్తోంది."