నీడ వెంట పరిచిన ఇటుకలు

ఎడారి ఊరు టూసాన్‌లో మా వీధివాళ్లు లేవగానే చేసే మొదటి పని కిటికీలు మూయడం. రాత్రి దొరికిన కాస్త చల్లగాలినీ ఇంట్లో బంధించి, తెరలు దించి, ఆ తర్వాతే కాఫీ సంగతి చూస్తారు. ఆ ఏడు వేసవి ముందు యులాలియా మాత్రం లేవగానే సున్నప్పొడి డబ్బా పట్టుకుని పెరట్లోకి వెళ్లేది. తుమ్మలాంటి మెస్కీట్ చెట్టు నీడ ఎక్కడిదాకా పడిందో చూసి, దాని అంచు వెంట గీత పోసేది. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి మళ్లీ పోసేది.

చెట్టు లేదు. కిందటి వానాకాలంలో గాలివానకి వేళ్లతో సహా కూలిపోయింది. కొమ్మలు కోసి, మాంసం కాల్చుకోడానికి బాగుంటాయని తలా కాస్త పట్టుకుపోయారు. నీడ మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. గాలి వీస్తే అందులో ఆకులు కదిలేవి. చలికాలంలో పలచబడి, ఏప్రిల్లో మళ్లీ చిగురించింది. పక్కింటి ఒర్తెన్సియా తన ముసలి కుక్కని తెచ్చి అందులో పడుకోబెట్టేది. వెనక సందులో పోయేవాళ్లు గేటు తీసి లోపలికొచ్చి, కాసేపు నిలబడి చెమట తుడుచుకుని పోయేవాళ్లు. మా ఊళ్లో నీడ దొరికితే నిలబడతాం, ఎక్కడిదని ఆరా తీయం.

యులాలియా తాపత్రయమంతా మొగుడు అన్సెల్మో గురించి. ఇళ్ల కప్పులు వేయడం అతని పని. కిందటి జూన్‌లో ఒక కప్పు మీదే వడదెబ్బ తగిలి పడిపోయాడు. ఇంకోసారి అలా ఎండలో పడితే దక్కడని డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచీ అన్సెల్మో పొద్దుగూకాక కూడా గడప దాటలేదు. తెరలు దించిన గదిలో కూర్చుని మాట తగ్గించేశాడు, తిండి తగ్గించేశాడు. మనిషి రోజురోజుకీ కరిగిపోతున్నాడు. ఇంకో వేసవి ఆ గదిలో గడిపితే అతను తనకి మిగలడని యులాలియాకి గట్టిగా అనిపించింది. అందుకే పెరట్లో ఒక గది కట్టాలనుకుంది. గోడలూ కప్పూ లేని గది.

అన్నలాగే కప్పుల పని చేసే మరిది బేతో వచ్చి సున్నం గీతలు చూసి తల గోక్కున్నాడు.

"ఇదంతా ఎందుకు వదినా? ప్లాస్టిక్ గడ్డి తెచ్చి పరిచేస్తాను. ఒక్క పూట పని. ఏడాదంతా పచ్చగా ఉంటుంది."

"మధ్యాహ్నం దాని మీద చెప్పుల్లేకుండా నిలబడు. నీ అరికాళ్ల మీద రొట్టెలు కాల్చుకుంటాను."

"పోనీ సిమెంటు పోయిద్దాం."

"సిమెంటు పగలు తిన్న ఎండని రాత్రంతా కక్కుతుంది. పైగా, పడ్డ చినుకు నేలలోకి దిగొద్దా? ఈ ఊళ్లో పడేదే నాలుగు చినుకులు."

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు," అని బేతో దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

ఆమె ఆలోచన తేలికైనదే. పొద్దున నీడ వెనక గుమ్మం మీద పడుతుంది. ఎండ పైకెక్కే కొద్దీ పెరటి మధ్యకి జరుగుతుంది. సాయంత్రానికి సాగి సాగి, అటు గోడనీ గేటునీ అందుకుంటుంది. ఇంటికీ ఒక నీడ ఉంది గానీ అది పిసినారిది, సాయంత్రం నాలుగడుగులు వచ్చి ఆగిపోతుంది. కాబట్టి చెట్టు నీడ నడిచిన దారినే మనిషీ నడవాలి. గుమ్మం దగ్గర కాఫీ తాగే చోటు, మధ్యలో భోజనాల బల్ల, గోడ కింద పొడుగాటి అరుగు, మూడింటినీ కలుపుతూ వంపు తిరిగిన ఇటుకల బాట.

ఇటుకలు కూల్చేసిన పాత బడి దగ్గర్నుంచి తెచ్చింది. నీళ్లు దిగేలా ఇసుక మీద పరవడం మొదలుపెట్టింది. బల్లకి పాత తలుపులు వాడింది. తుప్పు గోకిన ఇనప కుర్చీలకి నులక అల్లించింది. గోడకి ముదురు నీలం వేసి, పగిలిన పలకల ముక్కలతో దాని మీద తేనెపిట్టలు అతికించింది. బట్టల మిషన్ నీళ్లు వృథా పోకుండా మిరప మొక్కలకి మళ్లించింది.

ఒర్తెన్సియా గోడ మీంచి తొంగిచూసి, యులాలియాని ముద్దుపేరుతో పలకరించింది. "రోగిష్టి మనిషికి ఒక గొడుగు చాలదటే లాలా? ఈ సోకులన్నీ ఎందుకు?"

"రోగిష్టి మనిషికైతే గొడుగే చాలక్కా. నేను కడుతున్నది మొగుడికి. అందంగా లేకపోతే గడప దాటి ఎందుకొస్తాడు?"

మే నెలలో ఒకరోజు వంటింటి కిటికీ తెర కదిలింది.

"వాలు తప్పావు!" లోపల్నుంచి అన్సెల్మో అరిచాడు. "వాన పడితే నీళ్లన్నీ వంటింట్లోకే!"

యులాలియా ఇటుకల వైపు చూసుకుంది. నిజమే, వాలు ఇంటివైపే ఉంది. ఎంత జాగ్రత్తపడ్డా చెయ్యి తప్పింది. నీళ్లు ఎటు పారతాయో జీవితమంతా చూసినవాడు, అతని మాటకి తిరుగులేదు. ఎన్ని నెలల తర్వాత ఆ గొంతు పైకి లేచింది!

"ఏంటీ? వినపడట్లేదు!"

"వాలు! వాలు!"

"బయటికొచ్చి చెప్పు!"

తెర మూసుకుంది. యులాలియా కాసేపు ఆలోచించి, తర్వాతి వరస కూడా ఇంటివైపు వాలుగానే పరిచింది. ఆ తర్వాతదీ అంతే. బేతో అది చూసి లబోదిబోమన్నాడు.

"తప్పని తెలిసీ వేస్తున్నావా వదినా? ఇంకొన్నాళ్లలో వానలు. ఇల్లు మునుగుతుంది!"

"మునగనీ. తప్పు చూసి ఊరుకునే మనిషి కాదు మీ అన్న. ఎన్నాళ్లు ఊరుకుంటాడో చూద్దాం."

జూన్ అంతా ఊరుకున్నాడు. కొండల మీద మబ్బులు కమ్మడం మొదలైంది. యులాలియా బింకంగా పని చేస్తూనే ఉంది గానీ, రోజూ పొద్దున్నే ఆకాశం చూసి భయపడేది. ఇల్లూ పోయి మొగుడూ రాకపోతే తన గతేమిటి?

ఒక పొద్దున ఆమె ఇసుక మోస్తుంటే వెనక తలుపు తెరుచుకుంది. నీడ గడప మీదే ఉంది. అన్సెల్మో, చన్నీళ్లలో దిగేవాడిలా ముందు ఒక పాదం పెట్టి చూశాడు. తర్వాత రెండోది పెట్టాడు. పాలిపోయిన మొహం మీద ఆకుల నీడలు ఆడాయి. అక్కడే గొంతుకు కూర్చుని ఒక ఇటుక పీకాడు.

"ఇలా కాదే మొండిదానా! ఇసుక ఇటు ఎత్తు పెంచాలి. చెప్తుంటే చెవినెక్కదా?"

"ఇప్పుడెక్కింది," అని యులాలియా లోపలికి పరిగెత్తి, నీళ్లు తెచ్చే వంకన కళ్లు తుడుచుకుంది.

రోజూ నీడ ఎంత జరిగితే అతనూ అంత జరిగి, వరస తర్వాత వరస సరిచేశాడు. పొద్దున గుమ్మం దగ్గర మొదలైన మనిషి సాయంత్రానికి గోడ కిందికి చేరేవాడు. అక్కడ అరుగు మీద కూర్చుని బీన్స్, రొట్టె మారు అడిగి తినేవాడు.

"ఎండకి భయపడి కాదు లాలా," అన్నాడు ఒక సాయంత్రం. "కప్పు ఎక్కలేనివాణ్ణి, ఇంకెందుకు పనికొస్తాను అనిపించింది. ఎవరికీ మొహం చూపించబుద్ధి కాలేదు."

"నాకు చూపించొచ్చుగా," అంది యులాలియా. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఆఖరి వరస సరిచేశాక తొలి వాన దంచికొట్టింది. నీళ్లు ఇటుకల మీంచి బుద్ధిగా మొక్కల గుంటల్లోకి పారి ఇంకిపోయాయి. వంటింట్లోకి చుక్క రాలేదు. ఒర్తెన్సియా ఇంట్లో మాత్రం పైకప్పు పెచ్చు ఊడి మంచం మీద పడింది. మర్నాటి సాయంత్రం ఆమె గేటు దగ్గరకొచ్చి గోలపెట్టింది. తొలి వానకి ఊరంతా కారుతోంది, బేతోకి ఊపిరాడటం లేదు, ఎవరూ దొరకలేదు.

నీడ అప్పటికి గేటు దాటి సందులోకి సాగి ఉంది. అన్సెల్మో లేచి అందులోనే నడిచి ఆమె గేటుదాకా వెళ్లాడు. కింద నిలబడి కప్పుని చూశాడు. "పైపైన అతుకు వేస్తే ఆగదు. రేపు పొద్దున్నే వస్తాను," అన్నాడు. యులాలియా వద్దనబోయి, అతని మొహం చూసి, సుత్తి ఎక్కడుందో చెప్పింది.

మర్నాడు ఆమె కాఫీ గ్లాసుతో గుమ్మంలోంచి కాలు బయట పెడితే చురుక్కుమంది. గడప మీద ఎండ పడుతోంది. బల్ల, కుర్చీలు, అరుగు, నీలం గోడ, పెరడంతా ఒకటే ఎండ. తలెత్తి చూసింది. ఒర్తెన్సియా ఇంటి తెల్లటి కప్పు మీద అన్సెల్మో మోకాళ్ల మీద కూర్చుని సుత్తితో కొడుతున్నాడు. అతని చుట్టూ ఆకుల నీడ పరుచుకుని ఉంది. అతను పక్కకి జరిగితే అదీ జరుగుతోంది.

యులాలియాకి ముందు ఒళ్లు మండింది. ఇన్ని నెలలు ఒళ్లు హూనం చేసుకుని కట్టింది తను, అది వెళ్లిపోయింది అతని వెంటా? తర్వాత నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది.

ఒర్తెన్సియా గోడ మీంచి చూసి నొచ్చుకుంది. "అయ్యో లాలా! అంత సోకుగా కట్టుకున్నావు, తీరా నీడ పోయిందే!"

"పోలేదక్కా, పనికెళ్లింది. సాయంత్రం మనిషితోపాటే వస్తుంది, నువ్వూ భోజనానికి రా."

అలా చెప్పి, టోపీ పెట్టుకుని, పార తీసుకుని, పెరటి మధ్యలో కొత్త మెస్కీట్ మొక్కకి గుంట తవ్వడం మొదలుపెట్టింది.