గుర్రపుతోక ఏరే బల్ల

కాళ్ళకు నీరు పట్టినవాళ్ళు ఆ మూలికల కొట్టుకే వస్తారు. అక్కడ గుర్రపుతోక మొక్క ఎండు కాడలు పొట్లం కట్టి ఇస్తారు, మరిగించి తాగాలి. కాడలు ఏరేది అత్తగారు, నలభై ఏళ్ళుగా. ఆ బల్ల దగ్గరికి కోడలు వెళ్తే ఊడవడానికే వెళ్ళాలి.

ఏరడంలో ఒకటే కిటుకు. కాడకు కణుపు దగ్గర చిన్న తొడుగు ఉంటుంది. పక్కకొమ్మలో మొదటి కణుపు దాకా ఉన్న ముక్క ఆ తొడుగుకంటే పొడుగ్గా ఉంటే మందు. పొట్టిగా ఉంటే బురదనేల రకం, ఒంటికి చేటు. తేడా గోరంత కూడా ఉండదు. అత్తగారి చూపు తగ్గి రెండేళ్ళయింది. కళ్ళజోడు మాటెత్తితే, "జనం నమ్మేది నా కళ్ళని, అద్దాల్ని కాదు" అనేది. ఆవిడకు చెప్పినా ఒకటే, గోడకు చెప్పినా ఒకటే.

అందుకని రోజూ ఆవిడ స్నానానికి వెళ్ళగానే కోడలు పొట్లాలన్నీ విప్పి, మళ్ళీ ఏరి, కట్టేసేది. మొగుడికి కూడా చెప్పలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

ఆరోజు అత్తగారు స్నానానికి వెళ్ళకముందే ఇస్త్రీకొట్టు ఆవిడ వచ్చింది. అత్తగారు అప్పుడే కట్టిన పొట్లం తీసి అందించింది.

"అత్తయ్యా, అది ఇవ్వకండి."

అత్తగారు పొట్లం విప్పి బల్ల మీద పోసింది. ఒక కాడ తీసి వెలుగులో పెట్టింది, కళ్ళు చికిలించింది, దూరంగా జరిపింది, మళ్ళీ దగ్గరికి తెచ్చింది.

"ఎన్ని?" అంది చివరికి.

"నాలుగైదు ఉంటాయేమో."

"తాగేది ఆవిడ. సరిగ్గా చెప్పు."

"సగం, అత్తయ్యా."

ఇస్త్రీకొట్టు ఆవిడ గొంతు సవరించుకుంది. "మరి పోయినవారం నేను తాగింది?"

"అది నేను ఏరానండీ," అంది కోడలు.

"ఎన్నాళ్ళ నుంచి ఏరుతున్నావు?" అంది అత్తగారు.

"రెండేళ్ళు."

అత్తగారు చేతులు దులుపుకుని లేచింది. స్టూలు కోడలి వైపు కాలితో జరిపింది. వెళ్ళి కొనేవాళ్ళ బెంచీ మీద కూర్చుంది. ఆవిడ అక్కడ కూర్చోగా కోడలు ఎన్నడూ చూడలేదు, చూస్తుంటే ఏడుపొచ్చింది.

"ఇకనుంచి మా కోడల్నే అడుగు," అంది అత్తగారు ఇస్త్రీకొట్టు ఆవిడతో. "నేనొక్కదాన్నే ఉంటే వెనక్కి వెళ్ళిపో. అడిగావంటే ఇచ్చేస్తాను."