ఇరవై కేసుల రూలు

మా హోల్‌సేల్ కంపెనీ బండిలో బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, మేకులు పక్కపక్కనే కూర్చుని ప్రయాణం చేస్తాయి. కిరాణా కొట్టుకి, కూల్‌డ్రింక్ షాపుకి, హార్డ్‌వేర్ షాపుకి ఒకటే బండి. అది ఏ వీధిలో తిరగాలో, ఎవరి ముందు ఆగాలో రాసేది నేను. ఇరవై కేసులకి, అంటే పెట్టెలకి, తక్కువ తీసుకునే షాపు దగ్గర బండి ఆగకూడదన్న రూలు కూడా నా బుర్రలో పుట్టిందే. డీజిల్ మిగులుతుందని మీటింగులో చెప్తే మేనేజరు భుజం తట్టాడు. ఆ రోజు నా కాళ్లు నేల మీద నిలవలేదు. అప్పటికి మా అక్క కొట్టు వారానికి ముప్పై తీసుకునేది మరి.

తర్వాత ఆ వీధి చివర పెద్ద సూపర్‌మార్కెట్ తెరిచారు. అక్క ఆర్డరు పద్నాలుగుకి దిగింది. బావ పోయాక ఆమెకి మిగిలింది ఆ కొట్టొక్కటే. మా బండి ఆగకపోతే అక్కడికి సరుకు తెచ్చిచ్చే నాథుడు లేడు. రూలు పెట్టినవాణ్ణి నేనే కాబట్టి మార్చమనడానికి నోరు రాలేదు. దొంగదారి పట్టాను. ప్రతి వారం ఆమె ఆర్డరు కింద ఆరు ఉప్పు బస్తాలు రాసేవాణ్ణి. మా లెక్కలో బస్తా కూడా కేసే. ఉప్పయితే చవక, పురుగు పట్టదు, ఎప్పటికైనా అమ్ముడుపోతుంది అనుకున్నాను. నా తెలివికి దండం పెట్టాలి.

అక్క ఎందుకని ఒక్కసారీ అడగలేదు. అడగలేదు కాబట్టి సంగతి అర్థమైందనుకున్నాను.

ఎనిమిది నెలలు అలాగే నెట్టుకొచ్చాను. ఈ వారం ఆమె ఆర్డరు ఐదుకి పడింది. ఐదుకి పదిహేను బస్తాలు కలపడం నాలాంటి మొండివాడి వల్ల కూడా కాదు. మేనేజరు లిస్టు మీద వేలు పెట్టి, "ఇది తీసెయ్. నీ రూలేగా," అన్నాడు నవ్వుతూ. అది మా అక్క కొట్టని ఆయనకి తెలీదు. చెప్పే ధైర్యం నాకు లేదు.

నా నోటితోనే అక్కకి చెప్పాలని మధ్యాహ్నం కొట్టుకి వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయాను. పప్పుల డబ్బాలుండే చోట ఉప్పు బస్తాలు. సబ్బుల అర ముందు బస్తాలు. వెనక గదిలో ఆమె మంచానికి మూడు వైపులా బస్తాలే. చెమ్మకి గోడలు అడుగున తెల్లగా పొంగాయి, ఇనుప రాక్ కాళ్లు తుప్పు పట్టి పొరలు రాలుతున్నాయి. ఎవరో ముసలాయన అగ్గిపెట్టె అడిగాడు. అక్క బస్తాల సందులో పక్కవాటుగా దూరి చెయ్యి చాచింది, అందలేదు. ఆయన ఇంకోచోట చూసుకుంటానని వెళ్లిపోయాడు.

"ఏంటక్కా ఇది, అసలు అమ్మలేదా?"

"ఈ వీధంతా కలిసి ఏడాదికి ఎంత ఉప్పు తింటుందిరా? సముద్రంలో కాపురం ఉన్నట్టుంది నాకు," అని నవ్వింది.

"వద్దని చెప్పొచ్చుగా."

"ఎలా చెప్తాను? పైవాళ్లు నిన్ను పీక్కుతింటేనేగా నాకు అంటగడుతున్నావు. అమ్మకం చూపించకపోతే నీ ఉద్యోగం ఉంచుతారా? పిల్లలు గలవాడివి. బయటివాళ్లెలాగూ తీసుకోరు, నేను కూడా వద్దంటే ఎక్కడికి పోతావు?"

నాకు ఒళ్లు మండిపోయింది. మండాల్సింది నా మీద, కసిరింది ఆమెని. "ఒక్క మాట అడిగి చావొచ్చు కదా."

"అడిగితే చిన్నబోతావని," అంది. మంచినీళ్లు నా చేతిలో పెట్టి, "ఉన్న డబ్బంతా ఉప్పులో ఇరుక్కుంది, అందుకే ఐదే రాశాను. నీకేమీ మాట రాలేదు కదా?" అంది.

రాలేదన్నాను. చెప్పాలని వెళ్లినవాణ్ణి నీళ్లు తాగి వచ్చేశాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

మర్నాడు పొద్దున్న లిస్టులో ఆమె స్టాపు కొట్టేశాను. కింద ఉన్నవాళ్లందరూ ఒక్కో అంకె పైకి జరిగారు. బండి వేళకే బయల్దేరింది.

రెండింటికి అక్క ఫోన్ చేసింది.

"బండి ఇంకా రాలేదేంట్రా? మంచం తీసి గోడకి నిలబెట్టాను, చోటు బాగానే వచ్చింది. ఈసారి పది బస్తాలు పంపినా పర్లేదు."

"దారిలో ఉందక్కా," అన్నాను.