నా జిమ్మేదారి

మా ఆయన హన్మాండ్లుకు రాళ్లతో ఉన్నంత చనువు మనుషులతో లేదు. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా నన్ను ఒక మాట అడగాలంటే గొంతు సవరించుకుంటాడు. అదే ఒక రాయి మీద సుత్తెతో మెల్లగా కొట్టి చప్పుడు విన్నాడంటే, లోపల ఎక్కడ పగులుందో ఇట్టే చెప్పేస్తాడు. బాల్కొండ నుంచి నందిపేట్ దాకా పాత రాతిగుడి ఎక్కడ కుంగినా, దూలం పగిలినా, కప్పు కారినా కబురు ఆయనకే వస్తుంది. ఆయన మాట్లాడాల్సిన మాటలన్నీ నేను మాట్లాడతాను. బీడీలు చుట్టేదాన్ని, చేతులకే పని, నోటికి ఎప్పుడూ తీరికే. మా సంసారం అట్లా కుదురుకుంది.

ఆర్మూర్‌లో పసుపు యార్డు దాటి గుట్ట వైపు పోయే సందు మాది. సందు చివర సోమేశ్వరుడి గుడి. పెద్దదేం కాదు, పన్నెండు స్తంభాల మండపం, వెనక గర్భగుడి, అంతా రాయే. ఎండాకాలంలో కూడా లోపల చల్లగా ఉంటుందని, పొద్దున వంట కాగానే ఆడవాళ్లమంతా చాటలూ తునికాకు కట్టలూ పట్టుకొని మండపంలో చేరేవాళ్లం. బీడీలు అక్కడే, దుబాయ్‌లో ఉన్న మొగుళ్లతో ఫోన్లు అక్కడే, ఏడ్పులూ ఎకసెక్కాలూ అక్కడే. మా అందరిలోకీ పెద్దది లసుమవ్వ. ఎనభై దగ్గర పడ్డాయి. గుడి ఊడ్చేది ఆమే, దీపం పెట్టేది ఆమే, తాళంచెవి ఉండేదీ ఆమె కొంగు ముడిలోనే.

పోయిన వానాకాలం గర్భగుడి మీది బండ పగిలి, నీళ్లు నేరుగా లింగం మీద పడ్డాయి. గుడి కమిటీ అధ్యక్షుడు రఘునందన్ వాడవాళ్లందరినీ పిలిచాడు. ఆయనకు బస్టాండు దగ్గర ఎరువుల దుకాణం ఉంది. ఒట్టి మాటలతోనే కడుపు నింపగలడు. రాళ్లన్నీ దింపి, పునాది గట్టి చేసి, పగిలినవాటికి బదులు కొత్తవి చెక్కించి, మళ్లీ అవే రాళ్లతో గుడి నిలబెడదామన్నాడు. పని హన్మాండ్లు చేస్తాడన్నాడు. అప్పటిదాకా దేవుణ్ణి కలశంలోకి ఆవాహన చేసి, పక్కనే రేకుల షెడ్డులో పెట్టి పూజ చేస్తారట. దాన్ని బాలాలయం అంటారని అయ్యగారు చెప్పాడు.

ఆడవాళ్లం ఒప్పుకోలేదు. దింపడం వరకే చూస్తాం, మళ్లీ నిలబెట్టేదాకా ఎవరు బతికుంటారో ఎవరికి తెలుసని లసుమవ్వ అన్నది. పోయి గర్భగుడి గడపలో కూర్చుంది. తాళంచెవి ఇవ్వనంటే ఇవ్వనన్నది. ముసలామెను చెయ్యి పట్టి లేపే ధైర్యం కమిటీలో ఎవరికుంటుంది? పది రోజులు పని ఆగిపోయింది.

ఆ పది రోజుల్లోనే ఒక పూట మా ఆయన అన్నం ముందు కూర్చొని, నేను అడక్కుండానే నోరు విప్పాడు. ఇంకో వానాకాలం వస్తే కప్పు కూలుతుందని, లసుమవ్వ మీదే పడుతుందని, నువ్వు చెప్తే ఆమె వింటుందని అన్నాడు. మొగుడు తనంతట తాను నాలుగు మాటలు మాట్లాడేసరికి నేను మురిసిపోయాను, పిచ్చిదాన్ని. మళ్లీ అవే రాళ్లు పెడతావు కదా అని అడిగాను. తలెత్తకుండా ఊ అన్నాడు. ఆయన ఎప్పుడు మాత్రం తలెత్తి మాట్లాడాడు గనుక?

మర్నాడు లసుమవ్వ పక్కన గడప దగ్గర కూర్చున్నాను. బండ మీద పగులు చూపించాను, వానాకాలం సంగతి చెప్పాను. ఆమె అంతా విని, నా గడ్డం పట్టుకొని తన వైపు తిప్పుకుంది.

"గా రఘునందన్ మాట నాకొద్దు. నువ్వు చెప్పు బిడ్డ. మల్ల గవ్వే రాళ్లు, గదే జాగల నిలవెడ్తడా మీ ఆయన?"

"నిలవెడ్తడు అవ్వా. నా జిమ్మేదారి."

గడప మీద చెయ్యి పెట్టి మరీ పూచీ పడ్డాను. వాడలో నా నోటికి భయపడేవాళ్లున్నారు గానీ నా మాటను అనుమానించినవాళ్లు అప్పటిదాకా లేరు. లసుమవ్వ కొంగు ముడి విప్పి, తాళంచెవి నా చేతిలో పెట్టింది.

కలశం షెడ్డులోకి మారిన మర్నాటి నుంచే మా ఆయన పని మొదలుపెట్టాడు. చైన్ పుల్లీ కట్టి ఒక్కో బండా, ఒక్కో దూలమూ, ఒక్కో స్తంభమూ దింపాడు. బాలింతను మంచం దింపినంత పదిలంగా దింపాడు. గుడి వెనక ఖాళీ జాగాలో గడ్డి పరిచి వరసగా పడుకోబెట్టాడు. మామూలుగా తన గుర్తుకు రాతి లోపలి వైపున ఉలితో ఒక గీతో, చుక్కో పెట్టుకునేవాడు. అది ఆయనకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఈసారి ప్రతి రాయికీ ఎర్రరంగుతో ఇంగ్లీషు అంకెలు వేశాడు, నాలుగు వైపులా ఫోటోలు తీశాడు, ఒక పొడుగు పుస్తకంలో బొమ్మ గీసి ఏ అంకె ఎక్కడో రాశాడు. ఇంత హడావుడి ఎందుకని అడిగితే పెద్ద పని కదా అన్నాడు. నా మొగుడికి గుడి మీద ఎంత శ్రద్ధో చూడండని వాడంతా టముకు వేసింది నేనే. ఆడవాళ్లు ప్రతి రాయికీ పసుపు రాసి బొట్టు పెట్టారు. నూట డెబ్బై పైచిలుకు రాళ్లు. లసుమవ్వ నడుం వంగిపోయినా పన్నెండు స్తంభాలకూ తానే రాసింది.

ఒకరోజు నేను చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్లి వచ్చేసరికి, ఖాళీ జాగాలో ఒత్తిన గడ్డి తప్ప ఏమీ లేదు. మూడు లారీలు, ఒక క్రేను వచ్చి ఎత్తుకుపోయాయట. మిషన్ మీద కడిగించడానికి పంపారని రఘునందన్ చెప్పాడట. లసుమవ్వ నా ముఖంలోకి చూసింది. మా ఆయనను అడిగితే ఊ అన్నాడు. కడిగించుకొస్తారట అవ్వా అని మళ్లీ నేనే చెప్పాను.

పక్షం తిరక్కుండానే ఇనుప చువ్వలు దిగాయి, సిమెంటు బస్తాలు దిగాయి. పాత గుడి జాగాలో గుంతలు తవ్వారు. సందు మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. దాని మీద రంగురంగుల సిమెంటు గోపురం, తెల్ల పాలరాయి నేల, దండం పెడుతున్న రఘునందన్. రాతి స్తంభం ఒక్కటంటే ఒక్కటి లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. కాళ్లకు చెప్పులున్నాయో లేవో చూసుకోకుండా బస్టాండు దాకా నడిచి, ఎరువుల దుకాణంలోకి జొరబడి, మా రాళ్లేవని అడిగాను.

రఘునందన్ కోపం కూడా తెచ్చుకోలేదు. నన్ను చూసి నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"గిప్పుడు నన్నడుగుతవేంది శంకరమ్మా? మీ ఆయన చెప్పలేదా? మీటింగు కంటె ముందుగాలనే అనుకున్నం గదా. హైదరాబాద్ దిక్కు ఒకాయన ఫామ్‌హౌస్ కట్టుకుంటుండు, మండపం గాయనకిచ్చినం. గక్కడ నిలవెట్టేది గూడ హన్మాండ్లే."

ఎట్లా ఇంటికి వచ్చానో నాకు తెలియదు. మా ఆయన ముందు గదిలో కూర్చొని ఉలులు ఒక్కొక్కటీ తుడిచి గోనెసంచిలో పెట్టుకుంటున్నాడు. పక్కనే ఆ పొడుగు పుస్తకం ఉంది. దాన్ని చూస్తే అప్పుడు తెలిసింది. సొంత చేత్తో ఇక్కడే నిలబెట్టేవాడికి ఆ అంకెలతో, ఫోటోలతో పనేముంది? అవి అక్కడి క్రేనువాళ్లకు, ఇంజనీర్లకు చూపడానికి. నేను వాడంతా చెప్పుకొని మురిసింది దొంగ సరుకు మీది చిరునామాను చూసి.

ముందే తెలుసా అని అడిగాను. ఊ అన్నాడు. నేను కదలకుండా నిలబడేసరికి, పెళ్లయినప్పటి నుంచి ఎన్నడూ మాట్లాడనన్ని మాటలు మాట్లాడాడు. కమిటీ ముందే తీర్మానం చేసుకుందట. రాతిగుడి పాతబడింది, సిమెంటుది కట్టాలని. రాళ్లను మిషన్ పెట్టి పగలగొట్టి, కొత్త గుడి పునాదిలో పోస్తామన్నారట. ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టలేదట. ఎవరైనా తీసుకుపోతే అక్కడైనా నిలబడతాయి కదా అని, ఆ మాట అన్నది తానేనట. ఒక్క రాయి అంచు కూడా పోకుండా దింపానని చెప్తుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు మాత్రం జాలి కలగలేదు. ఒక్కటే అడిగాను.

"నాకెందుకు చెప్పలే?"

"నీకు అబద్ధమాడుడు రాదు. ఎర్కైతె అవ్వకు చెప్తుంటివి. నీకు తెల్వకుంటెనే అవ్వ నమ్ముతది."

తప్పు చేసినవాడిలా కాదు, పని సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఆ బండలు లేపడానికి చైన్ పుల్లీ ఎట్లా తెచ్చాడో, గడపలో కూర్చున్న లసుమవ్వను లేపడానికి నన్ను అట్లా వాడాడు. రఘునందన్ మోసం చేస్తే తిట్టుకొని ఊరుకునేదాన్ని. ఈ మనిషికి ఇరవై రెండేళ్లు అన్నం పెట్టాను, ఆయన నోరు నేనై బతికాను. ఆ నోటితోనే ఆయన ముసలామెను మోసం చేశాడు. రాళ్లను బతికించుకున్నాడు, నా మాటను పునాదిలో పోసి పూడ్చాడు.

అక్కడ ఉండడానికి గది ఇస్తారట, వస్తావా అని అడిగాడు. రానన్నాను. గోనెసంచి భుజాన వేసుకొని వెళ్లిపోయాడు.

నేను నేరుగా షెడ్డుకు వెళ్లాను. లసుమవ్వ కలశం ముందు వత్తులు చేస్తోంది. గోడ పొడుగునా ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు. రాళ్లు ఎక్కడికి పోయాయో, ఎవరు ఇచ్చారో, మా ఆయన ఏం చేశాడో అంతా చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. చివరికి ఆమె కాళ్ల దగ్గర కూర్చుండిపోయాను.

"నిజంగ నాకు ఎర్కలేదు అవ్వా."

లసుమవ్వ నా తల మీద చెయ్యి వేసింది. ఆమె గొంతులో కోపమనేదే లేదు.

"పోనియ్యి బిడ్డ. ఇంటాయన చెప్పమన్నంక చెప్పకుంట ఉంటవా? నేనేం మనసుల పెట్టుకోలే."

కాదవ్వా, తెలియదని మళ్లీ చెప్పాను. గొంతు పెంచి ఇంకోసారి చెప్పాను. చెప్పినకొద్దీ అది నాకే అబద్ధంలా వినిపించింది. ఆడవాళ్లు ఎవరూ తలెత్తలేదు. చెయ్యని తప్పుకు ఆమె నన్ను మన్నించింది. అంతకంటే చీపురు తిరగేసి కొట్టినా నాకు హాయిగా ఉండేది.

ఇది జరిగి నాలుగు నెలలైంది. వాడలో నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఎప్పట్లాగే పిలుస్తారు, పక్కన జాగా ఇస్తారు, చాయ్ పోస్తారు. నిన్న కార్ఖానా నుంచి వస్తూ, రేపు ఆకు ఇవ్వరట, సెలవట అని చెప్పాను. అట్లనా అక్కా అన్నారు. తర్వాత ఒకామె ఫోన్ తీసి, నా ముందే కార్ఖానాకు చేసి, రేపు సెలవేనా అని అడిగింది.