మూడు పనుల రోజు

ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురు. కిటికీ పక్క మంచం మీద నాయనమ్మ. పనిగదిలో అన్న, వదిన. వంటింటి గడప మీద నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని గువ్వ. అయిదోవాడు ఇంటివాడు కాదు, బూట్ల కంపెనీ పంపిన గాలి కొలిచే మనిషి. ఇంకా పుట్టని ఆరో ప్రాణిని కూడా గువ్వ మనసులో లెక్కేసుకుంది. వదినకు నాలుగో నెల.

గువ్వ అసలు పేరు బడి రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఆ మాటకొస్తే ఆమె గొంతు కూడా అంతే. "మా చెల్లితో ఒక్క మాట మాట్లాడించాలంటే ముందు దరఖాస్తు పెట్టుకోవాలి," అని అన్న వచ్చినవాళ్ళందరి ముందూ వేళాకోళం చేసేవాడు. పైకి అనలేనివన్నీ ఆ పిల్ల పుస్తకంలో రాసుకునేది. ఇంట్లో ఆమెతో కబుర్లు చెప్పించగలిగింది వదిన ఒక్కతే. మధ్యాహ్నం పని ఆపి వదిన పడకగదిలో నడుం వాల్చగానే గువ్వ కూడా వెళ్ళి పక్కన చేరేది. ఆ గది తలుపు చెక్క ఉబ్బిపోయింది. భుజంతో రెండుసార్లు నెడితే గాని పడదు. అందుకని దాన్ని ఎవరూ వేయరు, గువ్వకు తట్టే అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆ ఇంటి పని బూట్లకు అడుగులు అతికించడం. కుట్టిన పైభాగాలు కంపెనీ నుంచి సంచుల్లో వస్తాయి. వదిన థిన్నర్ గుడ్డతో అడుగులు తుడిచి, కుంచెతో సొల్యూషన్ అనే జిగురు రాస్తుంది. అది ఆరి వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు అన్న రెండు ముక్కలూ కలిపి గట్టిగా అదుముతాడు. ఆఖరున మెరుపు కోసం పాలిష్ స్ప్రే కొడతాడు. తడి పాలిష్ మీద దుమ్ము పడితే ఆ జత వెనక్కి వచ్చేస్తుంది, అందుకని కిటికీలు మూసే ఉంటాయి. సరుకు తొందరగా పంపాల్సిన రోజుల్లో తుడవడం, రాయడం, స్ప్రే కొట్టడం మూడూ ఒకేసారి నడుస్తాయి. నెలలో అలాంటి రోజులే ఎక్కువ.

"ఈ వాసనకు దోమలు కూడా ఇల్లు ఖాళీ చేసి పోయాయి," అని నాయనమ్మ నవ్వేది. కిందటి నెల పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడినా, పక్కనే కూర్చున్న ఆమెకు వాసన తెలియలేదు. ముసలితనం అనుకుని ఊరుకున్నారు.

గువ్వ ఊరుకోలేదు. కిందటేడు వదినకు మూడో నెలలో కడుపు పోయింది. అప్పుడు వదిన గోడవైపు తిరిగి పడుకున్న రోజులు గువ్వకు కళ్ళకు కట్టినట్టు ఉన్నాయి. అందుకే ఈసారి రోజూ రాయడం మొదలుపెట్టింది. 'తుడవడం ఒక్కటే. వదిన కూనిరాగం తీసింది.' 'సొల్యూషన్ ఒక్కటే. అన్నం బాగానే తిన్నది.' 'ఇవాళ మూడూ. వదిన గోడ పట్టుకుని నడిచింది. వేళ్ళు మొద్దుబారాయంది. అన్నకు తలనొప్పి. నాకూ.' ఒక్కో పని ఉన్న రోజులు, మూడు పనుల రోజులు, పేజీ తర్వాత పేజీ. వేవిళ్ళే తల్లీ అని నాయనమ్మ కొట్టిపారేసేది. మరి అన్నకు వేవిళ్ళేమిటని గువ్వ పుస్తకాన్ని అడిగింది గాని నాయనమ్మను అడగలేకపోయింది.

వచ్చే ఏడాదికి పని ఇచ్చే ముందు ఇళ్ళలో గాలి కొలిపించాలని కంపెనీ కొత్తగా నియమం పెట్టింది. అందుకే ఆ మనిషి నల్లపెట్టె, దానికో సన్నటి గొట్టం పట్టుకుని వచ్చాడు. అన్న రెండు రోజులుగా గది కడుగుతూనే ఉన్నాడు.

"ఒక్కో పనీ విడిగా చేసి చూపిస్తామండీ," అన్నాడు అన్న. "మధ్యలో కిటికీలు తీసి గాలి పోనిస్తాం. మీ అంకెలు కలగాపులగం అయిపోతే మళ్ళీ మీకే కష్టం."

ఇందులో మోసమేమీ లేదు. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే సామాను సర్దినట్టే అన్న గాలిని కూడా సర్దాడు. ఆ మనిషి సంతోషించి, పొద్దున థిన్నర్, ఆ తర్వాత సొల్యూషన్, చివర పాలిష్ కొలిచాడు. ఫారంలో మూడు గళ్ళు, మూడూ నిండాయి.

"హద్దు వంద అనుకోండి. ఇది నలభై, ఇది యాభై, ఇది ముప్పై అయిదు. ఏదీ దాటలేదు. నిశ్చింతగా చేసుకోండి."

అన్న ముఖం చాటంత అయింది. వదిన తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, ఆగిన జత మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఆ మనిషి సంతకానికి కలం తీశాడు.

గువ్వ మనసులోనే మూడంకెలూ కూడింది. కూడిక కష్టమైనదేమీ కాదు. నోరు విప్పడమే కష్టం.

"కలిపితే నూట ఇరవై అయిదండీ," అంది.

అందరూ అటు తిరిగారు. "ఏంటమ్మా?" అన్నాడాయన.

"మేం... చాలా రోజులు మూడూ ఒకేసారి చేస్తాం. కిటికీలు మూసి."

"ఏయ్, చదువుల తల్లీ, పెద్దవాళ్ళ మధ్య నీకెందుకే!" అన్నాడు అన్న నవ్వుతూనే. కానీ ఆయన కలం ఆగింది.

"అడగాల్సిన మాటేనండీ," అన్నాడాయన నెమ్మదిగా. "మూడూ తలకెక్కే రకాలే. అలాంటివి కూడి చూడాలి. కానీ ఈ ఫారంలో ఆ గడి లేదు. నేనూ పైవాళ్ళను అడిగాను, పట్టించుకోలేదు." గువ్వను చూశాడు. "నీకెలా తట్టిందమ్మా ఇది?"

నోటితో చెప్పాలంటే ఇంకా ఎన్ని మాటలు కావాలో! గువ్వ పుస్తకం తెరిచి, ఈ నెల పేజీ ఆయన చేతికిచ్చింది. ఆయన నిలబడే చదవసాగాడు. మూడోవంతు చదివాడు, సగం చదివాడు. అప్పుడు గుర్తొచ్చింది గువ్వకు, ఆ పేజీ కింద ఏం రాసుందో. చెయ్యి చాచింది. అప్పటికే ఆయన కళ్ళు అక్కడికి చేరాయి.

"అమ్మా," అన్నాడాయన వదినతో. "మొన్న మీ బట్టకు రక్తం కనబడిందా? డాక్టరుకు చూపించారా?"

వదిన చేతిలో కుంచె అలాగే ఆగింది. సొల్యూషన్ బొట్టు ఒకటి సాగి సాగి నేల మీద పడింది. నాయనమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

మొన్న మధ్యాహ్నం ఆ పడకగదిలోనే వదిన చెప్పింది. "నీకొక్కదానికే చెబుతున్నా గువ్వా. వీళ్ళకు తెలిస్తే పోయినసారిలాగే అందరూ నా కడుపు వంకే చూస్తూ కూర్చుంటారు. ఆ చూపులు మళ్ళీ నావల్ల కాదు." గువ్వ తల ఊపింది. ఎవరికీ చెప్పలేదు. పుస్తకానికి చెప్పడం కూడా చెప్పడమేనని ఆ పిల్లకు తోచలేదు.

ఆ మనిషి సంతకం చేయలేదు. గళ్ళ కింద ఖాళీలో సన్నటి అక్షరాలతో, మూడు పనులూ ఒకేసారి నడిపి మళ్ళీ కొలవాలని రాశాడు. "కంపెనీ ఏమంటుందో చెప్పలేను. అందాకా ఆవిడ్ని ఈ గదిలో కూర్చోనివ్వకండి," అని పుస్తకం గువ్వకు ఇచ్చి వెళ్ళిపోయాడు.

"నోట్లో నాలుక లేదనుకున్నాం," అంది నాయనమ్మ. "కొంప ముంచేంత ఉందే!"

అన్న తిట్టలేదు. స్ప్రే డబ్బా కింద పెట్టి కిటికీలు రెండూ బార్లా తెరిచాడు. వీధి దుమ్ము వచ్చి తడి బూట్ల మీద పడుతుంటే చూస్తూ నిలబడ్డాడు.

"రేపు పొద్దున్నే ఆసుపత్రికి పోదాం. ఇక నువ్వు ఈ గదిలోకి రావద్దు," అన్నాడు వదినతో. కిటికీ వైపు తిరిగి, "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

వదిన వేళ్ళకంటిన సొల్యూషన్ తుడుచుకోవడానికి అలవాటుగా థిన్నర్ గుడ్డ అందుకుంది. మళ్ళీ ఏమనుకుందో దాన్ని వదిలేసి, పెరట్లోకి వెళ్ళి సబ్బుతో చాలాసేపు రుద్దుకుంది. పోని మరకలతోనే పడకగది వైపు నడిచింది.

గువ్వ గ్లాసుతో నీళ్ళు పట్టుకుని వెంట వెళ్ళింది. రోజూలాగే ఒక కాలు గడప మీద పెట్టింది.

"వదినా."

వదిన తిరిగింది. కళ్ళలో కోపం లేదు. కోపమైనా ఉంటే గువ్వ కాళ్ళమీద పడి ఉండేది.

"నీకొక్కదానికే చెప్పాను గువ్వా."

"నేను... బిడ్డకేమన్నా అవుతుందని..."

"తెలుసు."

నీళ్ళు తీసుకోలేదు. తలుపు మీద చెయ్యి వేసి భుజంతో ఒకసారి నెట్టింది. పడలేదు. సందులోంచి వదిన జడ కొస కనిపిస్తోంది. గువ్వ గడప మీది కాలు వెనక్కి తీసుకుంది. వదిన రెండోసారి నెట్టింది. తలుపు పడింది.