బ్యాటరీ పెట్టెలో పెరుగు

విజయశ్రీ తోడుపెట్టిన పెరుగు, ఆమె పోయాక కూడా ఏడు నెలలు బతికింది.

పెళ్లయిన కొత్తలోనే ఆమె చెప్పింది: "ముందు చెంచాడు పక్కన పెట్టండి. ఆ తర్వాతే గిన్నె మీద పడండి." ఆమె ఉన్నన్నాళ్లూ కృష్ణమోహన్ ఆ మాట విన్నవాడు కాదు. పోయాక ఒక్కరోజూ తప్పలేదు. చెంచాడు తీసి పక్కన పెట్టి, మిగిలింది అన్నంలో కలుపుకుని, ఆ చెంచాడుతోనే మళ్లీ పాలు తోడేసేవాడు.

ఎనభై రెండు వేసవిలో ఆమె పోయింది. అదే వేసవిలో కార్ల ఫ్యాక్టరీలో అతని ఉద్యోగం ఊడింది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు అమ్మేసి, మిషిగన్ ఉత్తరపు కొసన అడవిలో ఒక చెక్క ఇంట్లో శీతాకాలపు కాపలా పనికి కుదిరాడు. పనల్లా ఒక్కటే: పొద్దున ఎనిమిదికీ సాయంత్రం ఐదుకీ మంచు ఎంత పడిందో, చలి ఎంతుందో రేడియోలో చెప్పాలి. దాన్ని బట్టి మంచు తోసే బళ్లు బయల్దేరతాయి. కరెంటు తీగ అక్కడిదాకా రాదు. కప్పు మీద రెండు సోలార్ పలకలు, లోపల నాలుగు బ్యాటరీలు. రేడియో నడిచేది వాటి మీదే.

చలికి బ్యాటరీ మనిషికన్నా ముందు మొద్దుబారుతుంది. ఛార్జి దిగిపోతే గడ్డకట్టి పగులుతుంది కూడా. అందుకని వాటిని థర్మోకోల్ కుక్కిన చెక్కపెట్టెలో ఉంచి, ఒక చిన్న బల్బు పెట్టాడు. ఆ బల్బుకి కాపలా, కోడిపిల్లల్ని వెచ్చగా ఉంచేవాళ్లు వాడే థర్మోస్టాట్. రెండు పల్చటి ఇత్తడి రేకుల మధ్య ఈథర్ పోసి అంచులు మూసిన బిళ్ల అది. పెట్టె వేడెక్కితే పూరీలా పొంగి స్విచ్ నొక్కుతుంది, బల్బు ఆరుతుంది. చల్లబడితే అణిగిపోతుంది, టిక్కుమని బల్బు వెలుగుతుంది. ఎంత వేడికి ఆరాలో స్క్రూ తిప్పి చెప్పొచ్చు.

కట్టెల పొయ్యి దగ్గర పెడితే పాలు విరిగాయి, దూరం పెడితే గడ్డకట్టాయి. ఇల్లు మొత్తంలో నిలకడగా వెచ్చగా ఉండేది ఆ పెట్టె ఒక్కటే. దానికి పై అర కొట్టి, పెరుగు గిన్నె అందులో ఉంచాడు. బ్యాటరీలకు యాభై ఫారెన్‌హీట్ డిగ్రీలు చాలు. పెరుగుకి ఎనభై అయినా కావాలి. స్క్రూ ఎనభైకి తిప్పాడు.

నవంబరు చివర, దారి మూసుకుపోకముందే, పాత పొరుగింటి ఉషా, ఆమె భర్త రవికుమార్ బియ్యం, పాలపొడి వేసుకుని డ్రైవ్ చేసుకుంటూ వచ్చారు. ఉషా పెట్టె మూత ఎత్తి నోరు వెళ్లబెట్టింది.

"ఇదేంటన్నయ్యా, ఆసిడ్ పక్కన పెరుగా! రేపు బ్యాటరీలో మజ్జిగ పోసి, మీరు ఆసిడ్ కలుపుకుని తింటారేమో!"

"మధ్యలో పలక కొట్టాను లేమ్మా. గొట్టం కూడా పెట్టాను, ఆవిరి బయటికే పోతుంది."

"ఎనభై ఎందుకండీ?" అన్నాడు రవికుమార్. "నాలుగు రోజులు ఎండ లేకపోతే ఆ బల్బే మీ బ్యాటరీల్ని తాగేస్తుంది."

"అప్పుడు చూద్దాంలే."

ఉషా వేలికొసతో కాస్త పెరుగు నాలిక మీద పెట్టుకుంది. "అక్క పెరుగే. అదే పులుపు. నాకిచ్చింది ఇండియా ట్రిప్ వెళ్లొచ్చేసరికి పాడైపోయిందన్నయ్యా. అక్క దగ్గరే తోడు పట్టుకెళ్లిన జయంతిదీ పోయిందట. ఒక్క చెంచాడు ఇవ్వరూ, బాటిల్ తెచ్చుకున్నా."

ఉన్నదే నాలుగు చెంచాలు. ఒకసారి పాడుచేసుకున్న పిల్ల, మళ్లీ పాడుచేసుకోదని ఏముంది?

"ఇప్పుడు కొంచెమే ఉందమ్మా. ఏప్రిల్లో పట్టుకెళ్దువుగాని."

"సరేలెండి. బాటిల్ ఇక్కడే ఉంచుతా."

విజయశ్రీ అయితే తను తినడం మానేసి ఇచ్చేది. ఆ సంగతి అతనికీ తెలుసు.

జనవరిలో పదకొండు రోజులు సూర్యుడు మొహం చూపించలేదు. మీటరు ముల్లు రోజుకింత దిగింది. తొమ్మిదో రోజు స్క్రూ అరవై ఐదుకి తగ్గించాడు. పెరుగు పల్చబడి తీగ సాగింది. పన్నెండో పొద్దున రేడియోలో అవతలి ఆవిడ, "మీ మాట నూతిలోంచి వస్తున్నట్టుంది మిస్టర్ మోహన్. నిన్న మీరు చెప్పిన అంకె వినబడక బండి ఆలస్యంగా పంపాం. స్కూలు బస్సు రెండు గంటలు మంచులో ఇరుక్కుంది. పిల్లలతో సహా," అంది.

అతను వెళ్లి స్క్రూ యాభైకి తిప్పాడు. బల్బు ఆరింది.

ఇక మిగిలింది ఒంటి వేడి. పాలు గోరువెచ్చగా చేసి ఉషా బాటిల్‌లో పోశాడు. గిన్నెలో తోడు రెండు చెంచాలుంది. ఒకటి పక్కన పెట్టాలి. కానీ ఇంత నీరసించిన తోడు, ఒక్క చెంచాడు సరిపోతుందా? రెండూ వంపేశాడు. గిన్నె తొలిపి ఆ నీళ్లు కూడా పోశాడు.

బాటిల్‌ని చొక్కా లోపల పొట్టకు కట్టుకుని, పైన స్వెటర్, కోటు వేసుకున్నాడు. ఆ పగలంతా వంగలేదు, కట్టెలు మోయలేదు. మంచు కొలిచే కర్ర దగ్గరికి నిండుచూలాలిలా నడిచాడు. రెండు గంటలకి మబ్బు చీలి ఎండ విరగకాసింది. మీటరు ముల్లు పైకి లేచింది. ఒక్క పూట ముందు వచ్చి ఉంటే ఏం పోయేది!

నాలుగున్నరకి తీసి చూశాడు. అడుగున ముక్కలు, పైన పసుపు నీళ్లు. వాసనే చెప్పేసింది. అయినా వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. ఆ పులుపు కాదు.

గిన్నె అందుకున్నాడు. తొలిపిన గిన్నె, అంచున కూడా ఏమీ లేదు. ఇప్పుడు ఒక్క చెంచాడు అడగాలంటే ఎవర్ని అడగాలి? ఆ చెంచాడు ఉషా ఇంట్లో ఉండాల్సింది.

ఐదయింది. "ముప్ఫై నాలుగు అంగుళాలు. సున్నాకి కింద ఇరవై రెండు," అన్నాడు రేడియోలో.

"ఇప్పుడు చక్కగా వినబడుతోంది. బండి పంపిస్తున్నాం. ఇంకేమైనా చెప్పాలా?"

ఉషా బాటిల్ మూత బిగించి పక్కన పెట్టి, మైకు మీట నొక్కాడు.

"లేదు మేడమ్. అంతే."

పెట్టెలో టిక్కుమంది. కింద నాలుగు బ్యాటరీలూ వెచ్చగా ఉన్నాయి. పై అరలో ఆ ఖాళీ గిన్నెనే తీసుకెళ్లి పెట్టాడు.