రోమను పురాణం మోసిన వ్యాసపీఠం

నేను ఒక వ్యాసపీఠాన్ని. పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని చదివించే చెక్కని. విప్పితే రెండు రెక్కలు, ముడిస్తే ఒక్క పలక. చూసినవాళ్ళందరూ రెండు చెక్కలు కలిపి చేశారనుకుంటారు. కాదు. నాలో మేకు లేదు, బందు లేదు, జిగురు లేదు. ఒకే టేకు పలకను నిలువునా చీల్చి, నడుము దగ్గర మాత్రం వేళ్ళలో వేళ్ళు పెనవేసినట్టు తొలిచి, ముక్క విడిపోకుండా విప్పాడు నన్ను శౌరయ్య అనే వడ్రంగి. ఈ మాట మొదటే చెప్పుకోవడం మంచిది. మనుషులు నా మీదున్న పుస్తకాన్ని పొగిడి, నన్ను చీపురు పక్కన నిలబెట్టి వెళ్ళిపోయే రకం.

శౌరయ్య నన్ను చేసింది గుంటూరు దగ్గర తన ఊరి చర్చి కోసం. ఆ రోజుల్లో పూజంతా లాటిన్‌లో ఉండేది. ఫాదరుగారు నా మీది లావుపాటి పుస్తకం చూసి ఒక వాక్యం పలికేవారు, మిరపతోటల నుంచి వచ్చిన జనం కంఠస్థం చేసిన జవాబు గట్టిగా చెప్పేవారు. అర్థం తెలియనందువల్ల భక్తికి లోటేమీ రాలేదు. తప్పు పట్టేవాళ్ళు లేరు గనుక గొంతులు ఇంకాస్త బాగా లేచేవి. నాకూ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ చాలాకాలం మోసినదాన్ని తెలిసినట్టే చెప్పుకోవచ్చని మనుషుల దగ్గరే నేర్చుకున్నాను. కాబట్టి నాకు లాటిన్ వచ్చు.

తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది. మైకు తగిలించిన స్టీలు స్టాండు ఒకటి వచ్చి నా చోట నిలబడింది. విరిగిన బెంచీలు, క్రిస్మస్ నక్షత్రాలు ఉండే గదిలోకి నేను వెళ్ళాను. అక్కడి నుంచి నన్ను అడిగి తెచ్చుకున్నవారు ఇన్నయ్య మాస్టారు. ఆయన కుర్రతనంలో ఫాదర్ కావాలని సెమినరీలో చేరి లాటిన్ చదివారు. సగంలో వదిలేసి బడిపంతులయ్యారు. ఆ కారణం పేరు ఆరోగ్యమ్మ. బి.ఏ. ప్యాసయింది, ఆయన్ని పెళ్ళి చేసుకుంది, తన వల్ల చర్చికి ఒక ఫాదర్ నష్టమయ్యాడని అప్పుడప్పుడూ గర్వంగా చెప్పుకుంటుంది.

మాస్టారికి లాటిన్ వదల్లేదు. బడి నుంచి వచ్చి, నా మీద రోమనుల పాత మహాకావ్యం తెరిచి, పక్కన తెల్లకాగితాలు పెట్టుకుని తెలుగులోకి దింపేవారు. తగలబడుతున్న ఊళ్ళోంచి ముసలితండ్రిని భుజాన వేసుకుని బయటపడ్డ ఒక మనిషి, సముద్రాలు తిరిగి, యుద్ధాలు చేసి, కొత్త ఊరు కట్టుకోవడానికి చోటు వెతుక్కునే కథ అది. ఆ మనిషికి పదవీ విరమణ వయసు లేదు గానీ మాస్టారికి వచ్చింది. ఆ ఏడాదే పుస్తకం అచ్చయింది.

బంధువులందరికీ ఇచ్చారు. బైండింగ్ బాగుందన్నారు. అట్ట మీద ఓడ బొమ్మ చాలా బాగుందన్నారు. అంతకంటే లోపలికి ఎవరూ వెళ్ళలేదు. మిగిలిన కట్టలు మంచం కింద చేరాయి. మాస్టారు ఆ ఊసెత్తడం మానేశారు. కొన్నాళ్ళకి నీటికాసులు వచ్చి చూపు పోయింది. ఇక తన పుస్తకాన్ని తనే చదువుకోలేరు. ఆయన కోరిక ఒక్కటే మిగిలిపోయిందని నాకు తెలుసు. ఇది చెవుల కోసం రాసిన కావ్యం కదా, ఎవరైనా మొదటి నుంచి చివరిదాకా గొంతెత్తి చదివితే, తెలుగులో అది నిలబడిందో కూలబడిందో వినాలి. అడగడానికి ఆయనకి నోరు రాలేదు.

ఒక మధ్యాహ్నం ఆరోగ్యమ్మ నన్ను తుడిచి, అద్దె ఇంటి వరండాలో చాప మీద పెట్టింది.

"సీరియల్ అయిపోయిందండీ, పొద్దుపోవట్లేదు. ఆ మంచం కిందది ఒకటి చదువుదామా?"

"ప్రూఫులన్నీ నువ్వే దిద్దావు కదే. కొత్తగా చదివేదేముంది?"

"అప్పుడు అక్షరాలు చూశాను. కథెవరు చూశారూ?"

మాస్టారు కుర్చీ నా వైపు జరుపుకున్నారు.

అదే సమయానికి పక్కవాటా మాణిక్యాంబగారు చిక్కుడుకాయల చాటతో అటుగా వచ్చారు. డెబ్భై దాటిన మనిషి, ఇంట్లో భాగవతం చదివే అలవాటు. నన్ను చూశారు. నా మీద పుస్తకాన్ని చూశారు. మరేమీ అడక్కుండా చెప్పులు విడిచి, పుస్తకాన్ని తాకి కళ్ళకద్దుకుని, చాప మీద కూర్చున్నారు.

"ఏ పురాణం, ఆరోగ్యం?"

ఆరోగ్యమ్మ నవ్వు మింగేసింది. "రోమను పురాణం పిన్నిగారూ."

"ఎక్కడిదైతేనేం. చదువు, వింటాను."

నన్ను చూసే ఆమె పొరబడ్డారు. ఆ పొరపాటుకి కారణమైనందుకు నేను ఇప్పటికీ ఛాతీ విప్పుకునే ఉంటాను. ఉత్తి బల్ల మీద ఉంటే ఆ పుస్తకానికి చెప్పులు విడిచే యోగం పట్టేదా?

తొలిరోజు తుఫాను వచ్చి ఓడలు చెల్లాచెదురయ్యాయి. ఆరోగ్యమ్మ అక్కడ ఆపబోతే మాణిక్యాంబగారు ఒప్పుకోలేదు.

"మనుషులు మునిగిపోతుంటే పుస్తకం మూస్తావుటే? తప్పు. చావు దగ్గరా, కష్టం దగ్గరా పురాణం ఆపకూడదు. మంచి మాట వచ్చేదాకా చదవాలి."

చదివింది. కాస్త ముందుకెళితే ఆ మనిషి తల్లి ఏడుస్తుంటుంది, దేవతల పెద్ద ఆమెను ఊరడిస్తాడు. నీ బిడ్డకేమీ కాదు, ఊరు కడతాడు, వంశం నిలుస్తుంది, ఎప్పటికో యుద్ధాలకే తలుపులు పడతాయి అని. "ఆ, ఇక్కడ ఆపు," అన్నారు మాణిక్యాంబగారు, కొప్పులోంచి చామంతిపువ్వు తీసి ఆ పేజీలో పెట్టారు.

మర్నాటి నుంచి అదే వేళకు వచ్చేవారు, చదివేవాళ్ళ గొంతు కోసం పటికబెల్లం, మిరియాలు పొట్లం కట్టుకుని. మేడమీది జైబున్ కూడా జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటూ దిగివచ్చేది. లాటిన్ పేర్లు ఎవరికీ నోరు తిరగక, కథానాయకుడు ఓడలబ్బాయి అయ్యాడు. అతణ్ణి ప్రేమించి చేరదీసిన రాణి, రాణీగారయింది. ఆ రాణీగారిని వదిలి, దేవుడు పొమ్మన్నాడంటూ ఓడలబ్బాయి తెరచాప ఎత్తేసిన రోజు వరండా మండిపోయింది.

"చెప్పకుండా పోతాడా? తిన్న విశ్వాసం లేదూ?" అన్నారు మాణిక్యాంబగారు.

"పనుందని చెప్పాడుగా పెద్దమ్మా," అంది జైబున్, దారం కొరుకుతూ. "మా ఆయన కూడా పనుందనే దుబాయ్ పోయాడు. అక్కడ దేవుడే పిలిచాడో, ఇంకెవరు పిలిచారో!"

రాణీగారు చితి పేర్చుకుని ప్రాణం తీసుకుంది. లోపల పొయ్యి మీద పాలు పొంగుతున్నా మాణిక్యాంబగారు ఆరోగ్యమ్మను లేవనివ్వలేదు. ఓడ ఒడ్డు చేరేదాకా చదివించారు. పాలు మాడిపోయాయి. తర్వాత రెండు రోజులు మాణిక్యాంబగారు మాస్టారితో మాట్లాడలేదు, రాణీగారిని ఆయనే వదిలేసి వచ్చినట్టు. మాస్టారు అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

చివరి రోజు వచ్చింది. మాణిక్యాంబగారు పానకం, వడపప్పు, హారతిపళ్ళెం, ఒక చేతిసంచీ తెచ్చుకుని కూర్చున్నారు. మాస్టారు పొద్దున్నే గడ్డం గీయించుకున్నారు. యుద్ధం ముగింపుకి వచ్చింది. పగవాడు గాయపడి మోకాళ్ళ మీద కూలి, చెయ్యి చాచి, నా ముసలితండ్రిని తలుచుకుని వదిలెయ్యమన్నాడు. ఓడలబ్బాయి కత్తి ఆగింది. జైబున్ సూదీ ఆగింది. అంతలో వాడి చేతిలో చచ్చిన తన నేస్తం నడికట్టు పగవాడి ఒంటి మీద కనబడి, కత్తి దిగింది. ప్రాణం పోయింది.

ఆరోగ్యమ్మ ఆగింది.

"తర్వాత?"

"అయిపోయింది పిన్నిగారూ."

"అయిపోవడమేంటి? పట్టాభిషేకం? పెళ్ళి? పేజీ తిప్పు."

"పేజీల్లేవు."

మాణిక్యాంబగారు మాస్టారి వైపు తిరిగారు. "శవం మీద ఎట్లా ముగిస్తారండీ? హారతి ఎవరికివ్వను? రెండు మాటలు శుభంగా చెప్పండి, పూర్తిచేద్దాం."

"కవి అక్కడే ఆపాడమ్మా. నేను ఒక్క మాట కలపను."

"కలపమన్నానా? పలకమన్నాను."

"పలికితే కలిపినట్టే. ఇన్నేళ్ళూ కలపకుండా ఉన్నది ఇప్పుడు కలపడానికి కాదు."

"అయితే నా లెక్కలో ఈ పురాణం పూర్తవలేదు. నేను విన్నానని ఎక్కడా చెప్పను." పానకం చెంబు మీద మూత గట్టిగా పెట్టారు.

ఆ మాట మాస్టారికి తగిలింది. మొహం పక్కకి తిప్పుకుని, మెల్లగా అన్నారు, "సరే. మంచం కిందే పెట్టేయ్ ఆరోగ్యం."

ఆరోగ్యమ్మ పుస్తకం మీంచి చెయ్యి తీసేసింది. ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. నా ఎడమ రెక్క కొంచెం వదులు. చర్చిలో ఒకసారి కిందపడ్డ గుర్తు. చెయ్యి తీయగానే ఆ రెక్క వాలింది. పేజీలు గలగలా వెనక్కి దొర్లి, ఎండిన చామంతి ఉన్నచోట తెరుచుకుని ఆగాయి. నేనే చేశానని చెప్పుకోను. చేయలేదని కూడా చెప్పను.

ఆరోగ్యమ్మ పువ్వుని చూసింది. పెదవి చివర నవ్వు దాచుకుని, చదవడం మొదలుపెట్టింది. తల్లి ఏడుపు. దేవతల పెద్ద ఊరడింపు. ఊరు కడతాడు, వంశం నిలుస్తుంది, యుద్ధాలకు తలుపులు పడతాయి.

"ఇది ముందు విన్నదేగా," అంది జైబున్.

"ముందు విన్నదే," అన్నారు మాణిక్యాంబగారు. చెంబు మీది మూత తీశారు. "శుభం మొదటే చెప్పి దాచిపెట్టాడన్నమాట. గట్టివాడే మీ కవి! మాస్టారూ, ఇందులో మీరు కలిపిందేమైనా ఉందా?"

"ఒక్క మాట లేదమ్మా," అన్నారు మాస్టారు. ఆయన తల నిటారుగా లేచింది.

హారతి వెలిగింది. పుస్తకానికిచ్చారు, నాకూ కొంచెం సెగ తగిలింది. చేతిసంచీలోంచి ఆరోగ్యమ్మకి రవికెగుడ్డ తీశారు, పురాణం పూర్తయితే చదివినవాళ్ళకి బట్టలు పెట్టాలి కదా. తర్వాత ఒక జరీకండువా తీసి మాస్టారి భుజాల మీద కప్పారు. ఆయన అంచుని వేళ్ళతో తడిమి చూసుకున్నారు. చాలాసేపు తడిమారు.

"రేపు మళ్ళీ మొదటి నుంచి," అన్నారు మాణిక్యాంబగారు పానకం పోస్తూ. "ఆ రాణీగారి దగ్గర మాత్రం కాస్త తొందరగా కానివ్వు ఆరోగ్యం. పాలు మాడిపోతున్నాయి."

మంచం కింద కట్టలు ఇప్పుడు తగ్గుతున్నాయి. జైబున్ ఒకటి దుబాయ్ పంపింది, రాణీగారి పేజీ మడిచి. మొన్న చర్చి నుంచి కొత్త ఫాదర్ ఒకాయన వచ్చాడు. నూరేళ్ళ పండక్కి పాతవస్తువుల ప్రదర్శన పెడుతున్నారట. లాటిన్ పుస్తకాలు మోసిన పీఠం కదా, గాజుపెట్టెలో పెట్టి కింద శౌరయ్య పేరు రాస్తామన్నాడు. శౌరయ్య పేరు అనేసరికి నా నడుములోని పళ్ళు ఒక్కసారి కిర్రుమన్నాయి. అబద్ధమెందుకు, ఆశపడ్డాను.

"ఖాళీగా లేదండీ అది," అంది ఆరోగ్యమ్మ.

"పోనీ, చదవడం అయిపోయాక?"

మాణిక్యాంబగారు చాటలోంచి తలెత్తకుండానే జవాబిచ్చారు. "అయిపోవడమంటూ ఉండదు నాయనా. చెప్పులు అక్కడ విడిచి కూర్చో. తుఫాను వస్తోంది."

ఆయన విడిచాడు.